మళ్లీ స్టేజీ ఎక్కే బేసిస్టుకి: సామాను ఒక్క నడకలో మోయడం ఎలా

నేను బేస్ గిటార్ వాయించడం మానేసింది వేళ్ల వల్ల కాదు, నడుము వల్ల. వినాయక చవితి పందిళ్లు, పెళ్లిళ్ల ఆర్కెస్ట్రాలు, ఆదివారం చర్చి ఆరాధన... ఇరవై ఏళ్లపాటు యాంప్, స్పీకర్ ఒకే పెట్టెలో ఉండే ఒక పదిహేను అంగుళాల కాంబో యాంప్‌ని మెట్లెక్కిస్తూ, దించుతూ గడిపాను. ఒక రాత్రి రెండో అంతస్తులోని కల్యాణ మండపం నుంచి దాన్ని దించుతుంటే నడుములో కలుక్కుమంది. ఆరు వారాలు మంచం మీదే. ఆ తర్వాత గిటార్ బీరువా మీదికి ఎక్కింది, తొమ్మిదేళ్లు అక్కడే ఉండిపోయింది.

మళ్లీ వాయించడం మొదలుపెట్టి మూడేళ్లయింది. అప్పట్లో నా సామాను మొత్తం 50 కిలోలు. ఇప్పుడు యాంప్, స్పీకర్ బాక్సు కలుపుకుని 18.5 కిలోలు. అవి అక్కర్లేని చోటికైతే 7.4 కిలోలు. బండి దగ్గర్నుంచి స్టేజీ దాకా ఒక్కసారే నడుస్తాను. ఆ ఒక్క నడకే నాకు కొలబద్ద. రెండోసారి వెనక్కి వెళ్లాల్సి వచ్చిందంటే సామాను ఎక్కువైనట్టే. మీరూ కొన్నేళ్లు దూరమై తిరిగి వస్తుంటే ఏది ముందు, ఏది తర్వాత చేయాలో చెబుతాను. వరస ముఖ్యం. వరస తప్పి నేను కొంత డబ్బు పోగొట్టుకున్నాను.

ముందు తూకం, తర్వాతే కొట్టు

బరువు తగ్గించాలనుకోగానే మనసు కొత్త యాంప్ మీదికి పోతుంది. ఆగండి. ఇంట్లో బరువు చూసుకునే మిషన్ ఉంటుంది కదా, దాని మీద మీరొక్కరే నిలబడి ఒకసారి, ఒక్కో వస్తువు పట్టుకుని ఒక్కోసారి చూసుకోండి. తేడా కాగితం మీద రాయండి. నాకు వచ్చిన లెక్క ఇది: గిటార్ 4.6 కిలోలు, దాని హార్డ్ కేసు 5, కాంబో యాంప్ 33, కేబుళ్ల సంచి 7.5.

ఆ చివరి అంకె చూసి నమ్మలేకపోయాను. సంచి బోర్లిస్తే అందులో నాలుగు పొడుగు కేబుళ్లు, రెండు జంక్షన్ బాక్సులు, ఇనుప స్టాండు, వాడి ఎన్నేళ్లయిందో గుర్తులేని రెండు పెడళ్లు, పాత తీగల చుట్టలు. అన్నీ ‘ఎందుకైనా మంచిది’ అని వేసుకున్నవే. అందులోంచి నిజంగా కావలసినవి తీసి చిన్న సంచిలో పెడితే 2 కిలోల లోపే వచ్చింది. హార్డ్ కేసు బదులు మందమైన మెత్త ఉన్న గిగ్ బ్యాగ్ తీసుకుంటే ఇంకో 3 కిలోలు తగ్గింది. అంటే యాంప్ జోలికి పోకుండానే ఎనిమిదిన్నర కిలోలు దిగింది. గిగ్ బ్యాగ్ కొనేటప్పుడు మాత్రం కక్కుర్తి పడకండి. రెండు భుజాల పట్టీలూ వెడల్పుగా ఉండాలి, మెడ భాగాన్ని లోపల ఒక దిమ్మ ఆనుకుని పట్టుకోవాలి, కింద అడుగున గట్టి రబ్బరు ఉండాలి. గిటార్లకి దెబ్బ తగిలేది ఎక్కువగా అడుగున, పిడి దగ్గర, తల దగ్గరే.

ఒంటిని సిద్ధం చేయడం

నడుముకో భుజానికో ఇదివరకు దెబ్బ తగిలి ఉంటే ఫిజియోథెరపిస్టుకి ఒకసారి చూపించుకునే మొదలుపెట్టండి. గిటార్ కూడా తీసుకెళ్లండి, వేసుకుని చూపించండి. నేను అలాగే చేశాను. నేను ఎడమ భుజం పైకి ఎత్తిపెట్టి వాయిస్తున్నానని అప్పటిదాకా నాకు తెలియదు.

తర్వాత ఇంట్లో నిలబడి వాయించడం. కూర్చుని రెండు గంటలు వాయించగలిగినా నిలబడి అరగంట వాయించడం వేరు. మొదటి వారం రోజుకి పది నిమిషాలు, తర్వాత వారానికి ఐదేసి నిమిషాలు పెంచుకుంటూ పోండి. గంటన్నర ఆపకుండా నిలబడగలిగిన రోజున మొదటి ప్రోగ్రాం ఒప్పుకోండి. పందిరి ప్రోగ్రాం మూడు గంటలు నడుస్తుందని గుర్తుంచుకోండి.

స్ట్రాప్ వెడల్పు కనీసం మూడున్నర అంగుళాలు ఉండాలి. నాలుగైతే ఇంకా మంచిది. లోపలి వైపు గరుకు తోలు ఉంటే చొక్కా మీద జారదు. కూర్చున్నప్పుడు గిటార్ ఎంత ఎత్తులో ఉంటుందో నిలబడినప్పుడూ అంతే ఎత్తులో ఉండేలా పొడవు సర్దండి. కిందికి వేలాడదీస్తే చూడ్డానికి బాగుంటుంది గానీ, ఎడమ మణికట్టు మడత పడుతుంది. ఆ మడతతో మూడు గంటలు వాయిస్తే మర్నాడు చెయ్యి చెబుతుంది.

తీగలు కూడా ఒక మెట్టు సన్నవి వేయండి. 45-105 సెట్టు (సన్న తీగ, లావు తీగల మందం, అంగుళంలో వెయ్యో వంతుల్లో) వాడేవాళ్లు 40-100కి మారితే నొక్కే శ్రమ తగ్గుతుంది. తీగల లాగుడు తగ్గడంతో గిటార్ మెడ కాస్త వెనక్కి వాలుతుంది కాబట్టి దాని లోపల వంపు సర్దే ట్రస్ రాడ్‌ని కొంచెం వదులు చేయాలి. ఒకేసారి పావు చుట్టు మించొద్దు. తిప్పాక ఒక రోజు వదిలి మళ్లీ చూడండి. అలవాటు లేకపోతే గిటార్లు బాగుచేసేవాళ్ల చేతికివ్వండి.

గిటార్ మార్చాలా?

లియో ఫెండర్ 1951లో తెచ్చిన ప్రెసిషన్ బేస్‌లో తీగ పొడవు 34 అంగుళాలు. ఈ రోజుకీ మనం వాయించే బేసుల్లో చాలావరకు అదే కొలత, దాదాపు అదే ఆకారం. వాటి బరువు మాత్రం చెట్టుని బట్టి, చెక్కని బట్టి మారిపోతుంది. ఒకే మోడల్లో రెండు గిటార్ల మధ్య అరకిలో తేడా ఉండటం మామూలే. అందుకే ఫొటో చూసి కొనకండి. 4 కిలోల లోపు ఉన్నది వెతకండి. బాస్‌వుడ్, పౌలోనియా చెక్కలతో చేసినవి తేలిగ్గా ఉంటాయి. బరువైన యాష్ చెక్కవి భుజాన్ని లాగేస్తాయి.

బరువు ఒక్కటే చూస్తే మోసపోతారు. నేను మోసపోయాను. 3.2 కిలోల బేస్ ఒకటి దొరికిందని సంబరంగా కొన్నాను. ఒళ్లు తేలిక, తల బరువు. చెయ్యి వదిలితే తల నేల వైపు దిగిపోయేది. దాన్ని ఎత్తి పట్టుకోవడానికే ఎడమచెయ్యి సగం శక్తి పోయేది. రెండు పాటలయ్యేసరికి 4.6 కిలోల పాత గిటారే నయమనిపించింది. కాబట్టి కొట్టులో తప్పకుండా ఈ పరీక్ష చేయండి: మీ స్ట్రాప్ మీరే పట్టుకెళ్లి, గిటార్ తగిలించుకుని, నిటారుగా నిలబడి రెండు చేతులూ వదిలేయండి. మెడ ఉన్నచోటే ఉంటే సరే. దిగిపోతుంటే వద్దు. ఇంట్లో ఉన్న గిటార్‌కే ఈ జబ్బు ఉంటే తేలిక రకం ట్యూనింగ్ కీలు వేయించండి. నాలుగు కీలూ కలిపి తగ్గేది తక్కువే, కానీ తగ్గేది మెడ చిట్టచివర కాబట్టి తూకం బాగా మారుతుంది.

తీగ పొడవు 30 అంగుళాలే ఉండే షార్ట్ స్కేల్ బేసులు ఇంకో దారి. ఎడమచేతి వేళ్లు అంత చాచక్కర్లేదు. కీళ్ల నొప్పులున్నవాళ్లకి నేను ముందుగా చెప్పేది ఇదే. కింది ‘ఈ’ తీగ కొంచెం వదులుగా అనిపిస్తుంది, ఫ్లాట్‌వౌండ్ తీగలు వేస్తే చాలావరకు సర్దుకుంటుంది. తల లేని బేసులు మూడో దారి. నెడ్ స్టైన్‌బర్గర్ 1980ల మొదట్లో వీటిని ప్రపంచానికి అలవాటు చేశాడు. ట్యూనింగ్ అంతా అడుగునే ఉంటుంది కాబట్టి తల బరువన్న సమస్యే లేదు, పొడవూ తగ్గుతుంది, కారు వెనక సీట్లో అడ్డంగా పట్టేస్తుంది. కొనేముందు ఒక్క సంగతి చూడండి. వీటిలో కొన్నిటికి రెండు చివరలా గుండు ఉన్న ప్రత్యేకమైన తీగలే కావాలి. ప్రోగ్రాం రోజు పొద్దున్న తీగ తెగితే అవి మన ఊళ్లలో దొరకవు. మామూలు తీగని బిగించి పట్టుకునే రకమే తీసుకోండి.

నేనిప్పుడు వాయించేది తూకం సరిగ్గా ఉన్న 3.5 కిలోల బేస్. పాతది రికార్డింగులకి ఇంట్లోనే ఉంది.

ఒప్పుకునే ముందు ఫోన్లో అడగాల్సినవి

అసలు బరువు తగ్గేది ఈ ఫోన్లోనే. ప్రోగ్రాం పిలిచినవాళ్లని, వీలైతే సౌండ్ పెట్టే తమ్ముణ్ని నేరుగా అడగండి. బేస్‌కి మిక్సర్లోకి నేరుగా లైన్ ఇస్తారా? సబ్ వూఫర్లు ఉన్నాయా? నా సౌండ్ నాకు వినిపించే మానిటర్ స్పీకర్ ఒకటి వస్తుందా? డ్రమ్స్ నిజమైన కిట్టా, ఎలక్ట్రానిక్ ప్యాడ్సా? ఆరుబయటా, హాలా? మెట్లా, లిఫ్టా?

డ్రమ్స్ గురించి ఎందుకు అడుగుతానంటే, మన ఆర్కెస్ట్రాల్లో చాలాచోట్ల ప్యాడ్సే వాడతారు. కీబోర్డు, ప్యాడ్స్, గొంతు అన్నీ మిక్సర్లోకే పోతాయి. స్టేజీ మీద వేరే చప్పుడు ఉండదు. అలాంటిచోట యాంప్ మోసుకెళ్లడం దండగ. నిజమైన డ్రమ్ కిట్ ఉంటే, పక్కన మోగుతున్న కిక్ డ్రమ్‌ని దాటి మన సౌండ్ మనకి వినపడాలి, అప్పుడు బాక్సు కావాలి. సౌండ్ సిస్టమ్ గొంతులకే సరిపోయేంత చిన్నదైతే హాలంతటికీ బేస్ మన బాక్సే ఇవ్వాలి. ఈ మూడో రకం వస్తే, రెండో బాక్సు మోయడానికి మనిషి ఉన్నాడో లేడో చూసుకుని ఒప్పుకుంటాను, లేకపోతే లేదు.

చిన్న బాక్సులోంచి బేస్ వస్తుందా?

ఈ అనుమానం తీరకపోతే మీరు మళ్లీ పెద్ద బాక్సే కొంటారు. అందుకే ఇక్కడ కాస్త ఆగుతాను.

బేస్‌లో కింది ‘ఈ’ తీగ సెకనుకి దాదాపు 41 సార్లు కంపిస్తుంది. తేలికపాటి చిన్న బాక్సులు చాలావరకు 60, 70 హెర్ట్జ్ కిందికి వచ్చేసరికి నీరసపడతాయి. అయినా ఆ స్వరం మనకి వినపడుతుంది. ఎలా? తీగ 41 దగ్గరే కాదు, 82 దగ్గర, 123 దగ్గర, 164 దగ్గర కూడా మోగుతుంది. ఆ పై కంపనాలు చెవిన పడితే చాలు, కింద ఉండాల్సిన స్వరాన్ని మన మెదడే కట్టుకుంటుంది. నమ్మకం కుదరకపోతే మీ చిన్నతనం గుర్తు తెచ్చుకోండి. అరచెయ్యంత ట్రాన్సిస్టర్ రేడియోలో ఇళయరాజా పాటలు విని బేస్ నేర్చుకున్న తరం మాది. ఆ రేడియోకి ఉన్న స్పీకర్ 41 హెర్ట్జ్ పలకనే లేదు. అయినా బేస్ నడక ఒక్కో స్వరమూ పట్టుకున్నాం. ఆ పాటల్లో బేస్ కింద గుమగుమలాడి ఊరుకోదు, గొంతు పక్కనే తన పాట తాను పాడుకుంటుంది. దానికి కావలసింది గుండెలదిరే మోత కాదు, స్పష్టత.

ఛాతీకి తగిలే ఆ గుద్దు చిన్న బాక్సు ఇవ్వలేదు, నిజమే. అది సబ్ వూఫర్ల పని, జనానికి అక్కణ్నుంచే అందుతుంది. స్టేజీ మీద మీకు కావలసింది మీ వేళ్లు ఏం చేస్తున్నాయో వినపడటం.

ఇందులోంచే యాంప్ మీద మీటలు ఎలా పెట్టాలో తెలుస్తుంది. చిన్న బాక్సుకి బేస్ మీట పెంచకండి. స్పీకర్ కోను అనవసరంగా ఊగుతుంది, శక్తి వృథా, స్పీకర్ చిరిగే ప్రమాదం కూడా. బేస్ మీట మధ్యలో ఉంచి, మధ్య స్వరాల మీట మిడ్‌ని 250 నుంచి 800 హెర్ట్జ్ మధ్య కొంచెం ఎత్తండి. యాంప్‌లోగానీ పెడల్లోగానీ కింది మోతని కత్తిరించే హైపాస్ ఫిల్టర్ ఉంటే 35-40 హెర్ట్జ్ దగ్గర పెట్టండి. వినపడే తేడా దాదాపు ఉండదు, స్పీకర్ మాత్రం ఊపిరి పీల్చుకుంటుంది. ఇంట్లో ఒంటరిగా వాయించినప్పుడు ఈ సౌండ్ పలచగా అనిపిస్తుంది. బ్యాండులో కలిశాక సరిగ్గా కూర్చుంటుంది. ఇంట్లో నచ్చలేదని తిప్పి ఇచ్చేయకండి.

యాంప్, బాక్సు ఎంచుకోవడం

1969లో వచ్చిన ఆంపెగ్ ఎస్‌వీటీ బేసిస్టుల కలల యాంప్. వాల్వులతో 300 వాట్లు. దాని తల ఒక్కటే 35 కిలోలు దాటుతుంది. ఎనిమిది స్పీకర్ల క్యాబినెట్ 60 దాటుతుంది, ఫ్రిజ్ అని పిలిచేది దాన్నే. ఈ రోజు 500 వాట్ల యాంప్ రెండు కిలోల చుట్టుపక్కల దొరుకుతోంది. కారణాలు రెండు. ఒకటి క్లాస్ డి: ఇందులో ట్రాన్సిస్టర్లు సెకనుకి లక్షలసార్లు ఆన్, ఆఫ్ అవుతూ పనిచేస్తాయి, వేడి తక్కువ పుడుతుంది, కాబట్టి పెద్ద అల్యూమినియం హీట్ సింకులు అక్కర్లేదు. రెండోది స్విచ్ మోడ్ పవర్ సప్లై: పాత యాంపుల్లో 50 హెర్ట్జ్ కరెంటుకి ఇటుకంత ఇనుప ట్రాన్స్‌ఫార్మర్ కావాలి, ఇందులో అదే పని అగ్గిపెట్టెంతది చేసేస్తుంది. స్పీకర్ బరువు తగ్గింది నియోడిమియం అయస్కాంతం వల్ల. 1980ల్లో కనిపెట్టిన ఈ అయస్కాంతం చిన్నగా ఉండి కూడా ఫెర్రైట్ అంత పని చేస్తుంది.

వాట్ల దగ్గర కంగారు పడకండి. వాట్లు రెట్టింపైతే పెరిగేది 3 డెసిబెళ్లే, అంటే చెవికి ఓ మోస్తరు తేడా. రెట్టింపు గట్టిగా వినపడాలంటే దాదాపు పదింతల వాట్లు కావాలి. కాబట్టి 500 వాట్ల యాంప్ బదులు 800 వాట్లది కొంటే ఒరిగేది ఏమీ లేదు. అదే డబ్బుతో రెండో బాక్సు కొంటే గాలిని నెట్టే కోను వైశాల్యం రెట్టింపవుతుంది, ఆ తేడా చెవికి తెలుస్తుంది.

నా సలహా ఇది: నియోడిమియం స్పీకర్ ఉన్న 8 ఓములు, పన్నెండు అంగుళాల బాక్సు ఒకటి, 10 కిలోల లోపుది, ఒక చేత్తో మోయగలిగేలా పైన పిడి ఉన్నది. పెద్ద ప్రోగ్రాములకి అలాంటిదే ఇంకోటి తర్వాత కొనుక్కోవచ్చు. రెండూ కలిపితే 4 ఓములు అవుతాయి, చాలా యాంపులకి అదే కింది హద్దు. మూడోది కలపకండి. 20 కిలోల పెద్ద బాక్సు ఒకటి మోయడం కన్నా పదేసి కిలోలవి రెండు చేతుల్లో రెండు మోయడం నడుముకి ఎంతో మేలు. ఒక పక్కకి ఒరగం కదా. యాంప్‌కీ బాక్సుకీ మధ్య స్పీకర్ కేబులే వాడండి. గిటార్ కేబుల్ అదే జాక్‌లో దూరుతుంది కానీ లోపలి తీగ సన్నం, వేడెక్కుతుంది.

తేలిక యాంపుల్లో నాకు బాధ కలిగించే సంగతి ఒకటుంది. పాత ట్రాన్స్‌ఫార్మర్ యాంప్ చెడిపోతే హైదరాబాద్ కోఠీలో గుజరాతీ గల్లీకి వెళ్లి విడిభాగాలు తెచ్చుకుని, రేడియో బాగుచేసే మనిషి చేతే బాగుచేయించేవాళ్లం. ఈ చిన్నవాటిలో బోర్డు పోతే బోర్డే మార్చాలి. కాబట్టి సర్వీసు మన దేశంలో ఉన్న కంపెనీదే కొనండి. అమెరికాలో ఉన్న తమ్ముడో, అమ్మాయో తెస్తామంటే వెనక ప్లేటు ఫొటో పెట్టమనండి. ‘100-240’ అని ఉంటే ప్లగ్గు మారిస్తే చాలు. ‘120’ అని మాత్రమే ఉంటే మన 230 వోల్టుల్లో పెట్టిన క్షణంలో కాలిపోతుంది. కొన్నిటికి వెనకాల వోల్టేజి మార్చే స్విచ్ ఉంటుంది, దాన్ని ముందుగా 230 వైపు తిప్పిన తర్వాతే కరెంటు ఇవ్వాలి.

యాంప్ లేకుండా వెళ్లే రోజు

7.4 కిలోల సామానులో ఉండేవి: గిటార్, గిగ్ బ్యాగ్, అందులో ప్రీయాంప్ డీఐ పెడల్ ఒకటి, ట్యూనర్, ఐదు మీటర్ల గిటార్ కేబుళ్లు రెండు, మైకులకి వాడే మూడు పిన్నుల ఎక్స్‌ఎల్‌ఆర్ కేబుల్ ఒకటి, చెవిలో పెట్టుకునే ఇయర్ మానిటర్లు, దానికో చిన్న హెడ్‌ఫోన్ యాంప్, 9 వోల్టుల బ్యాటరీలు రెండు, తీగల సెట్టు ఒకటి, కరెంటు చూసుకునే చిన్న మల్టీమీటర్. పిక్‌అప్ యాక్టివ్ రకం (బ్యాటరీతో నడిచేది) అయితే వాయించనప్పుడు కేబుల్ గిటార్‌లోనే ఉంచొద్దు, లోపలి బ్యాటరీ అయిపోతూ ఉంటుంది.

డీఐ పెడల్ అంటే యాంప్ చేసే సౌండ్ పని చిన్న డబ్బా చేసి, నేరుగా మిక్సర్‌కి సరిపడే లైన్ ఇవ్వడం. అమెరికాలో టెక్ 21 అనే కంపెనీ 1990ల్లో తెచ్చిన సాన్స్‌ఆంప్ బేస్ డ్రైవర్‌తో ఈ పద్ధతి బాగా పాకింది. ఇప్పుడు ఎన్నో ఉన్నాయి. కొనేటప్పుడు మూడు చూడండి: ఎక్స్‌ఎల్‌ఆర్ అవుట్, గ్రౌండ్ లిఫ్ట్ స్విచ్, హెడ్‌ఫోన్ జాక్. హెడ్‌ఫోన్ జాక్ అందులోనే ఉంటే వేరే యాంప్ అక్కర్లేదు.

సౌండ్ పెట్టే కుర్రాడితో మాటతీరు కూడా సామానులో భాగమే. స్టేజీ ఎక్కగానే అతని పేరు అడిగి తెలుసుకోండి. "తమ్ముడూ, నాది డీఐ లైన్, యాంప్ లేదు, కాబట్టి మానిటర్లో నా బేస్ బాగా ఇవ్వు, కిక్ కొంచెం ఇవ్వు" అని ముందే చెప్పండి. తర్వాత మీరు ఎంత గట్టిగా వాయించబోతున్నారో అంత గట్టిగానే సౌండ్ చెక్‌లో వాయించండి. చెక్‌లో మెత్తగా మీటి, షోలో బాదితే అతను మిక్సర్లో మిమ్మల్ని కిందికి లాగుతాడు, తప్పు అతనిది కాదు. ఒకసారి సెట్టయ్యాక పెడల్ మీద వాల్యూమ్ తాకకండి. మీ మానిటర్ తగ్గిందనిపిస్తే అతన్నే అడగండి.

చెవుల గురించి ఒక్క మాట. 85 డెసిబెళ్ల మోతలో ఎనిమిది గంటలు దాటి ఉండకూడదంటారు, ప్రతి 3 డెసిబెళ్లకీ ఆ సమయం సగమవుతుంది. 100 డెసిబెళ్ల దగ్గర మిగిలేది 15 నిమిషాలే. ఇయర్ మానిటర్లు చెవిలో బిగుతుగా కూర్చుంటే బయటి మోత తగ్గి, తక్కువ వాల్యూమ్‌లోనే మీకు సరిపోతుంది. ఒకటి తీసేసి ఒకటే పెట్టుకోకండి, ఉన్నదాన్ని తెలియకుండానే పెంచేస్తాం.

కరెంటు: ఇక్కడ తొందరపడొద్దు

పందిట్లో కరెంటు ఎక్కణ్నుంచి వస్తుందో, ఎర్తింగ్ ఉందో లేదో ఎవరికీ తెలియదు. బేస్ తీగలు యాంప్ ఎర్త్‌కి కలిసి ఉంటాయి. మైకు జాలీ మిక్సర్ ఎర్త్‌కి కలిసి ఉంటుంది. ఆ రెండూ వేర్వేరు చోట్ల నుంచి కరెంటు తీసుకుంటూ ఒకదానికి ఎర్త్ లేకపోతే, తీగల మీద చేతులు ఉంచి కోరస్ పాడటానికి మైకుకి పెదవి ఆనించిన క్షణంలో షాక్ కొడుతుంది. ప్రాణాలు పోయిన సందర్భాలున్నాయి. నాకొకసారి పెదవి చిట్లింది, అంతటితో పోయింది.

అందుకని 300 గ్రాముల చిన్న మల్టీమీటర్ నా సంచిలో తప్పకుండా ఉంటుంది. బరువు తగ్గించే పనిలో దీన్ని మాత్రం తీసేయకండి. ఏసీ వోల్టులకి తిప్పి, ఒక మొన తీగ మీద, ఇంకోటి మైకు జాలీ మీద పెట్టండి. సున్నాకి దగ్గరగా రావాలి. పదులూ వందలూ కనిపిస్తే వాయించొద్దు. సౌండ్ సిస్టమ్ ఏ బోర్డు నుంచి కరెంటు తీసుకుంటుందో అక్కణ్నుంచే మీకూ ఒక లైన్ వేయమని అడిగి, మళ్లీ కొలవండి. ‘బుర్‌ర్’ మని హమ్ వస్తుంటే మూడు పిన్నుల ప్లగ్గులో ఎర్త్ పిన్ను విరిచేసే అలవాటు మన దగ్గర ఉంది. అది ఎప్పుడూ చేయకండి. హమ్ పోగొట్టడానికి డీఐ మీద గ్రౌండ్ లిఫ్ట్ స్విచ్ ఉంది, అది సిగ్నల్ కేబుల్లోని గ్రౌండ్‌ని మాత్రమే విడదీస్తుంది, మీ ప్రాణానికి కాపలా ఉన్న ఎర్త్‌ని తాకదు. జనరేటర్ మీద నడుస్తుంటే అది స్టార్టయి నిలదొక్కుకున్నాకే యాంప్ ఆన్ చేయండి.

దారిలో

బైకు మీద వెళ్తే గిగ్ బ్యాగ్ వీపున కట్టుకున్నప్పుడు తల మీద ఒక అడుగు పైకి లేచి ఉంటుందని మర్చిపోకండి. అపార్ట్‌మెంట్ సెల్లార్లు, తోరణాలు, చెట్ల కొమ్మలు. ఆటోలో గిటార్‌ని కాళ్ల మధ్య నిలబెట్టి పట్టుకోండి, వెనక సామాన్ల చోట వద్దు. ఏప్రిల్, మే ఎండల్లో మూసిన కారులో వదలొద్దు. జిగురు వదులవుతుంది, మెడ వంగుతుంది. హైదరాబాద్ పొడి ఎండ నుంచి విశాఖ ఉక్కపోతకి వెళ్తే మెడ ఒక్కరోజులో మారిపోవచ్చు, ట్యూనింగ్‌కి ముందు బ్యాగ్ తెరిచి పావుగంట అలా వదిలేయండి.

మొదటి ప్రోగ్రాం

మూడు గంటల పందిరితో మొదలుపెట్టకండి. చర్చి ఆరాధనో, స్నేహితుల ఇంట్లో వేడుకో, గంట లోపు ఉండేది చూసుకోండి. బాక్సుని నేల మీద కాళ్ల దగ్గర పెట్టొద్దు, చిన్న స్పీకర్ మీ పిక్కలకి పాడుతుంది గానీ చెవులకి కాదు. కుర్చీ మీద పెట్టి, రెండడుగులు ముందుకి నిలబడి వాయించండి. బోలు చెక్క స్టేజీ అయితే ఇది మరీ అవసరం, లేకపోతే స్టేజీయే డప్పులా మోగి సౌండ్ మసకేస్తుంది. మరీ పలచగా అనిపిస్తే గోడకి దగ్గరగా జరపండి. గోడ పక్కన, మూలన బేస్ దానంతటదే పెరుగుతుంది. అది ఉచితంగా వచ్చే బలం.

పాటల మధ్య భుజాలు కిందికి వదలండి. మంచినీళ్లు తాగండి. మొదటిరోజు రెండో సగంలో చెయ్యి బిగుసుకుంటే స్వరాలు తగ్గించి వాయించండి. నాలుగు స్వరాల చోట రెండు వేసినా తాళం మీద పడితే పాటకి లోటేమీ ఉండదు.

ప్రోగ్రాం అయ్యాక పది నిమిషాలు కూర్చోండి. నా నడుము పోయింది వాయించేటప్పుడు కాదు, అర్ధరాత్రి ఒంటిగంటకి అలసిపోయి దించేటప్పుడు. ముందు వాల్యూమ్ సున్నా చేయండి, యాంప్ ఆపండి, ఆ తర్వాతే కేబుళ్లు పీకండి. కేబుల్‌ని మోచేతికి మెలిపెట్టి చుట్టకండి, లోపలి తీగ విరుగుతుంది. వదులుగా గుండ్రంగా చుట్టండి. వస్తువులు లెక్కపెట్టుకోండి: గిటార్, యాంప్, బాక్సు, కేబుళ్ల సంచి, మల్టీమీటర్. ఐదూ ఉన్నాయా? గిటార్ వీపుకి తగిలించుకుని, మోకాళ్లు వంచి బాక్సు ఎత్తండి. బండి దూరంగా ఉంటే సగం దారిలో ఒకసారి ఆగి, బాక్సు చెయ్యి మార్చుకోండి.